ఎదురింటి చూపు ఆపడానికి ఏది మేలు: ఫిల్మా, కర్టెన్లా, బ్లైండ్సా, మొక్కలా?

కిటికీకి పదడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ లేచిందంటే చాలామంది మొదట చేసే పని మిర్రర్ ఫిల్మ్ కొనుక్కొచ్చి అద్దాలకు అతికించడం. పగలు చూస్తే బాగానే ఉంటుంది. లోపలి నుంచి వీధి కనిపిస్తుంది, బయటివాళ్ళకు ఆకాశమూ ఎదురు గోడా తప్ప ఏమీ కనిపించవు. పొద్దుగూకి ట్యూబ్‌లైట్ వేశాక మాత్రం కథ తిరగబడుతుంది. పగలు మరుగు ఇచ్చేవి వేరు, రాత్రి ఇచ్చేవి వేరు. డబ్బు పెట్టేముందు మీ ఇబ్బంది ఏ పూటదో, చూపు ఏ ఎత్తు నుంచి వస్తోందో తేల్చుకోవాలి.

మిర్రర్ ఫిల్మ్ మీద పల్చటి లోహపు పూత ఉంటుంది. పడిన వెలుగులో కొంత వెనక్కి కొడుతుంది, కొంత వదులుతుంది. వెలుగు ఎటు ఎక్కువుంటే అటువాళ్ళకు అది అద్దం, రెండోవైపు వాళ్ళకు మామూలు కిటికీ. అందుకే రాత్రి లోపల లైట్ వెలుగుతుంటే అద్దం మీకు, కిటికీ ఎదురింటివాళ్ళకు. ఎంత ముదురు రకం కొన్నా ఈ సూత్రం మారదు, గది చీకటి కావడం తప్ప. ఇంకో చిక్కు, మన ఇళ్ళలో అసలైనది: ఫిల్మ్ పనిచేసేది తలుపు మూసినప్పుడే. గాలి కోసం స్లైడింగ్ రెక్క జరిపారంటే అక్కడ మిగిలేది దోమల మెష్ ఒక్కటే. ఏడాదిలో ఎక్కువ రోజులు కిటికీ తీసి ఉంచే హాలుకు మిర్రర్ ఫిల్మ్ దండగ. పగలంతా ఏసీ వేసుకుని తలుపులు బిగించే ఆఫీసు గదికి, పడమటి ఎండ కొట్టే గదికి అయితే సరే. వేడి కూడా కొంత తగ్గుతుంది.

ఆ పడమటి కిటికీలోనే ఒక ప్రమాదముంది. ముదురు ఫిల్మ్ ఎండను పీల్చుకుంటే అద్దం మధ్యభాగం బాగా కాగుతుంది, ఫ్రేము లోపల దాగిన అంచు చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు మామూలు అద్దం అంచు నుంచి పగులు తీస్తుంది. అంచులో ముందే చిన్న పెచ్చు ఊడి ఉంటే మరీ తొందరగా. వేడితో గట్టిపరచిన టఫెన్డ్ గ్లాసుకు ఈ భయం దాదాపు లేదు. లోపల తీగ వల ఉన్న పాత అద్దాలకు, రెండు పొరల అద్దాలకు ముదురు ఫిల్మ్ వేయించకండి.

ఫ్రాస్టెడ్ ఫిల్మ్ దీనికి పూర్తిగా వేరు. ఇది వెలుగును చెదరగొడుతుంది, అందుకే పగలూ రాత్రీ ఒకేలా మరుగు ఇస్తుంది. బయటి దృశ్యం పోతుంది, వెలుతురు మాత్రం పెద్దగా పోదు. ఒక్క లోటు: రాత్రి వెనక లైట్ ఉండగా అద్దానికి దగ్గరగా నిలబడితే మనిషి నీడ తెలుస్తుంది. నాలుగైదు అడుగులు లోపలికి జరిగితే అది మసకైపోతుంది. బట్టలు మార్చుకునే గదిలో లైట్‌ను కిటికీ ఉన్న గోడకే బిగిస్తే నీడ బయటికి కాక లోపలి గోడ మీద పడుతుంది.

అద్దం మొత్తానికి వేయాల్సిన పని చాలాసార్లు ఉండదు. కింది అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తులో, పై అంచు ఏడడుగుల ఎత్తులో ఉన్న మామూలు కిటికీకి కింది నుంచి 30 అంగుళాలు అతికిస్తే అయిదున్నర అడుగుల దాకా కప్పినట్టే. ఎదురుగా అదే అంతస్తులో ఉన్నవాళ్ళ చూపు చాలావరకు ఆగుతుంది, పైన మిగిలిన అడుగున్నరలో ఆకాశం కనిపిస్తుంది. ఇల్లు రోడ్డు కన్నా రెండడుగులు ఎత్తులో ఉంటే నడిచిపోయేవాళ్ళకు ఆ పై సందులోంచి ఫ్యానూ స్లాబూ తప్ప ఏమీ అందవు. ఎదుటి చూపు పై అంతస్తు నుంచో డాబా మీద నుంచో వస్తుంటే మాత్రం సగం ఫిల్మ్ పనికిరాదు. ఆ చూపు పై సందులోంచి నేరుగా మంచం మీదికే దిగుతుంది.

ఫిల్మ్ సొంతంగా వేసుకోవచ్చు, కానీ తొందరపడితే పాడవుతుంది. లీటరు నీళ్ళలో నాలుగైదు చుక్కల బేబీ షాంపూ వేసి స్ప్రే బాటిల్‌లో నింపండి. అద్దాన్ని తడిపి, పెయింట్ చుక్కలు కొత్త బ్లేడుతో గీకి, రెండుసార్లు కడగండి. కొలత కన్నా అన్నివైపులా అంగుళం ఎక్కువ కోసుకోవాలి. ఒక మూల రెండువైపులా టేపు ముక్కలు అంటించి ఎదురెదురుగా లాగితే వెనక కాగితం విడిపోతుంది. జిగురు వైపునూ, అద్దాన్నీ ధారాళంగా తడపాలి. తడి తక్కువైతే ఫిల్మ్ పడ్డచోటే పట్టేసి మడతలు పడుతుంది. స్క్వీజీతో (రబ్బరు అంచున్న వైపర్) మధ్య నుంచి అంచులకు నీళ్ళు నెట్టండి. చివర అంచున 1-2 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి కోయడం ముఖ్యం. ఫిల్మ్ రబ్బరు బీడింగ్‌కు తగిలిందంటే కొన్నాళ్ళకు అక్కడి నుంచే లేస్తుంది. పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, లేకపోతే ధూళి కిందకు చేరి చిన్న బొడిపెలవుతుంది. ఎండ తగిలే వేళా వద్దు. నీటి మసక కొద్దిరోజుల్లో ఆరిపోతుంది, నెల రోజులు తుడవకండి. అద్దె ఇల్లయితే జిగురు లేని స్టాటిక్ ఫిల్మ్ తీసుకోండి. మూలలు అప్పుడప్పుడు లేస్తాయి గానీ, ఖాళీ చేసేటప్పుడు మరక మిగలదు.

బాత్రూం వెంటిలేటర్ అద్దాల విషయంలో ఒక్క మాట. గరుకుగా చేసిన అద్దం తడిస్తే గరుకు సందుల్లో నీరు నిండి అది పారదర్శకమవుతుంది. అందుకని షవర్ వైపు నున్నటి ముఖం రావాలి.

ఇక కర్టెన్లు. నెట్ కర్టెన్‌ది మిర్రర్ ఫిల్మ్ గుణమే: పగలు మంచి మరుగు, రాత్రి దాదాపు సున్నా. అయితే కిటికీ తీసి ఉన్నా ఇది పనిచేస్తుంది, గాలి ఆపదు. హాలుకు నా ఓటు దీనికే, కానీ డబుల్ రాడ్ మీద: వెనక నెట్, ముందు లైనింగ్ ఉన్న మందపాటి కర్టెన్. దీపాలు పెట్టే వేళకు ముందుది లాగేస్తే చాలు. బట్ట రాడ్ పొడవుకు రెండు, రెండున్నర రెట్లు ఉండాలి. మడతలే మరుగు ఇస్తాయి. కొలతకు కొలత కుట్టిస్తే బిగుతుగా సాగి లోపలిదంతా కనిపిస్తుంది, పక్కల్లో సందులూ వస్తాయి. రాడ్ కిటికీకి రెండువైపులా ఆరేసి అంగుళాలు దాటాలి. ఫ్యాన్ గాలికి కింది అంచు లేవకుండా మడతలో సీసపు తూకాలు కుట్టించండి.

బ్లైండ్స్‌లో జీబ్రా రకం ఇప్పుడు బాగా నడుస్తోంది. మందపు పట్టీ, నెట్ పట్టీ ఒకదానితో ఒకటి కలిసేలా జరిపితే మూసుకుంటుంది. కిటికీ గూడు లోపల బిగిస్తే మాత్రం రెండు పక్కలా సన్నని సందు మిగులుతుంది. పడకగదికి గోడ మీద, అన్నివైపులా రెండు మూడంగుళాలు ఎక్కువ వచ్చేలా బిగించమనండి. అడ్డపలకలుండే పాత వెనీషియన్ బ్లైండ్‌కు ఉన్న సుగుణం దీనికి లేదు: వెనీషియన్‌లో చూపు వచ్చే దిక్కును బట్టి పలకలు తిప్పుకోవచ్చు. ఎదుటివాళ్ళు మీకన్నా పైన ఉంటే పలక బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి ఉండాలి. మీరు మొదటి అంతస్తులో ఉండి చూపు రోడ్డు మీద నుంచి వస్తుంటే దానికి సరిగ్గా తిరగేసి. చూపు ఆగుతుంది, వెలుతురూ గాలీ ఆగవు. ఒకే చూపు, ఒకే దిక్కు ఉన్న ఇంటికి ఇంతకన్నా మెరుగైనది లేదు. దుమ్ము తుడవడం ఒక్కటే శ్రమ.

బాల్కనీకి షేడ్ నెట్ వేసేవాళ్ళు 75 లేదా 90 శాతం ఎండను ఆపే రకం తీసుకోవాలి, 50 శాతంది నీడకే గానీ మరుగుకు చాలదు. ఆకుపచ్చ నెట్ వేస్తే ఇంట్లో వెలుతురంతా పచ్చగా మారుతుంది. తెల్లది ఎండకు మెరిసి బయటి చూపును బాగా ఆపుతుంది, మీకూ బయట కనిపించదు. నల్లదైతే మీకు బయట బాగా కనిపిస్తుంది. గాలివానకు నెట్ తెరచాపలా ఉబ్బి కట్లు తెంపుకుంటుంది. కాబట్టి అంచు మడిచి ఐలెట్లు (తాడు దూర్చే రింగులు) వేయించి, అడుగుకొకటి చొప్పున కట్టాలి. తెల్ల కేబుల్ టైలు ఒక ఎండాకాలానికే పెళుసైపోతాయి, ఎండకు ఆగే నల్లవి వాడండి.

మొక్కలు ఇవన్నిటికన్నా అందం, కానీ ఆలస్యం. ఎండ తగిలే చోట రాధామనోహరం తీగ కమ్మీలను త్వరగా అల్లుకుంటుంది. కుండీ పెద్దది కావాలి, కొమ్మలు కత్తిరిస్తూ ఉండాలి. ప్రహరీ వెంట గోరింటాకు అడుగుకో మొక్క చొప్పున రెండు వరసలు ఎడంగా నాటి, చిన్నప్పుడే తల తుంచుతూ పోతే కింది నుంచి దట్టంగా పెరుగుతుంది. తల తుంచకుండా వదిలేస్తే పైన గుబురు, కింద బోడి కాండాలు. చూపు దూరేది కిందే. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం వద్దు. వేర్లు డ్రైనేజీలోకి, పైపుల్లోకి దూరుతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

ఏది వేసినా ఆ రాత్రే లైట్లన్నీ వేసి, ఇంట్లో ఒకరిని గదిలో అటూ ఇటూ తిరగమని, మీరు రోడ్డు మీద నుంచి ఒకసారి, వీలైతే ఎదుటి డాబా మీద నుంచి ఒకసారి చూడండి. సందులు అప్పుడే బయటపడతాయి.

ఇంత చేసినా ఎవరైనా పనిగట్టుకుని తొంగిచూస్తుంటే అది కర్టెన్‌తో తేలే విషయం కాదు. బట్టలు మార్చుకోవడం, స్నానం లాంటి ఏకాంతపు పనిలో ఉన్న స్త్రీని అలా చూడటం, ఫోటో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. ఫోటో తీయకపోయినా చూడటమే నేరం. తేదీ, వేళ, ఏ కిటికీ నుంచో రాసిపెట్టుకోండి. పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులో అవే కావాలి.