ఒకే వాయిద్యానికి రెండు మోడల్ నంబర్లు: యమహా పి-45, పి-71

యమహా సంస్థ 2015లో విడుదల చేసిన పి-45 డిజిటల్ పియానోను సమీక్షించబోతే పి-71ను కూడా వెంట తీసుకురాక తప్పదు, ఎందుకంటే ఈ రెండూ నిజానికి ఒకే వాయిద్యం. రెండింటికీ నొక్కితే బరువుగా తగిలే 88 మెట్లు (కీలు) ఉన్నాయి. రెండూ పది రకాల ధ్వనులే ఇస్తాయి, ఒకేసారి 64 స్వరాలకు మించి పలికించలేవు, పదకొండున్నర కిలోలు తూగుతాయి. తేడా అంతా అమ్మే చోటులోనే ఉంది. పి-45 సంగీత వాయిద్యాల డీలర్ల దగ్గర దొరికేది. పి-71ను అమెరికాలో అమెజాన్‌లో అమ్మడానికే తెచ్చారు.

వాయిద్యం విషయానికొస్తే, కొత్తగా నేర్చుకునేవారికి ఇది నికరమైన ఎంపిక. ఎడమవైపు మెట్లు బరువుగా ఉండి కుడివైపుకు జరిగేకొద్దీ తేలికపడడం వల్ల, ఇక్కడ అలవాటైన వేళ్లు అసలు పియానో ముందు తడబడవు. ఆరేసి వాట్ల రెండు స్పీకర్లు చిన్న గదికి సరిపోతాయి, సభకు చాలవు. బయటి స్పీకర్లకు కలపడానికి వేరే మార్గం లేదు కనుక హెడ్‌ఫోన్ రంధ్రాన్నే వాడుకోవాలి. అన్నిటికన్నా చికాకు పెట్టేది ధ్వని మార్పిడి: ఒక బటన్ పట్టుకొని ఫలానా మెట్టు నొక్కాలి, ఏ మెట్టు దేనికో మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఇక రెండు నంబర్లు ఎందుకన్నది అసలు ప్రశ్న. మెట్టు వేలి కింద ఎలా దిగుతుందో, ఎంత త్వరగా పైకి లేస్తుందో ఏ వివరాల పట్టికా చెప్పలేదు. కూర్చొని వాయించి చూడవలసిందే. ఆ అవకాశం కల్పించడానికి డీలరు అద్దె కడతాడు, వాయించి చూపగల మనిషికి జీతమిస్తాడు. కొనదలచినవాడు అక్కడ అరగంట వాయించి, గుమ్మం దాటకముందే ఫోనులో అదే మోడల్‌ను తక్కువ ధరకు తెప్పించుకుంటే, ఆ డీలరు కొన్నాళ్లకు ఆ వాయిద్యాన్ని షోరూములో ఉంచడమే మానేస్తాడు. నంబరు వేరైతే "ఇదే అక్కడ తక్కువకు వస్తోంది కదా" అని బేరమాడడం అంత సులభం కాదు. చవక కీబోర్డులలోనూ యమహా ఇదే పద్ధతి పాటించింది: పిఎస్ఆర్-ఇ263, వైపిటి-260 దాదాపు కవలలు. డీలరును కాపాడే ఉపాయంగా దీన్ని మెచ్చుకోవచ్చు గానీ, లేని తేడా కోసం వెతుక్కుంటూ సాయంత్రాలు పాడుచేసుకునే కొత్తవారి పట్ల ఇది నిజాయితీ అనిపించుకోదు.

అయితే దీనికన్నా మొరటు దారులు కూడా ఉన్నాయి. దుకాణాలు ఆన్‌లైన్‌లో ఒక స్థాయికన్నా ధర తగ్గించకుండా కట్టడి చేసినందుకు బ్రిటన్‌లోని పోటీ నియంత్రణ సంస్థ కీబోర్డు తయారీ సంస్థలైన కాసియోకు 2019లో 37 లక్షల పౌండ్లు, రోలాండ్‌కు 2020లో సుమారు 40 లక్షలు, కోర్గ్‌కు సుమారు 15 లక్షలు జరిమానా విధించింది. కట్టడి వల్ల డీలరు లాభం నిలుస్తుంది, కానీ ఆ ఖర్చు కొనేవాడి మీదే పడుతుంది. దానితో పోల్చి చూస్తే నంబరు మార్చడం చిన్న చమత్కారమే.

కాబట్టి పి-45, పి-71లలో ఏది మేలన్న ప్రశ్నకు అర్థం లేదు. ఎవరి దగ్గర కొనాలన్నదే ఆలోచించాలి. మెట్ల బరువు ఇంతకుముందే తెలిసినవారు, పెడలు, స్టాండు, వారంటీ అన్నీ కలిపి లెక్క వేసుకొని ఏది చవకైతే అది నిశ్చింతగా తీసుకోవచ్చు. మొదటిసారి కొనేవారు మాత్రం డీలరు దగ్గర వాయించి చూసి, నచ్చితే అక్కడే కొనడం న్యాయం. నచ్చకపోతే అంత పొడవైన పెట్టెను తిరిగి కట్టి పంపే బాధ కూడా తప్పుతుంది. 2023లో పి-45 స్థానంలోకి పి-145 వచ్చింది. దాని పక్కనే పి-143 కూడా వచ్చింది.