సాగర్ రోడ్డు, మన్ననూరు, పిల్లలమర్రి: మూడు రోజుల ప్రయాణం

హైదరాబాదులో మా ఇంటి కుళాయికి కృష్ణా నీళ్ళు ఏ దారిన వస్తాయో చూపించమని ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పట్టుబట్టడంతో, డిసెంబరులో మూడు రోజులు సెలవు పెట్టి సాగర్ రోడ్డు పట్టుకున్నాము. మర్రిగూడ, నాగార్జునసాగర్, దేవరకొండ, అచ్చంపేట, మన్ననూరు, చివరకు మహబూబ్‌నగర్. చూడదగ్గ స్థలాల కోసమే బయలుదేరినా, నా మనసులో నిలిచింది మాత్రం ఆయా చోట్ల మనుషులు నీటి గురించీ చెట్టు గురించీ మాట్లాడిన తీరులోని తేడా.

మొదటి మజిలీ నల్లగొండ జిల్లాలో, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే మర్రిగూడ దగ్గర మా మేనమామ ఇల్లు. పదో తరగతి దాటని ఆ రైతుకు లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని నోటికి వచ్చు. తమ పాత బోరులో ఎంత ఉండేదో, ఏ ఏడు పరీక్ష చేయించారో కూడా చెప్పగలడు. ఆయన తోబుట్టువులలో ఇద్దరికి గార పళ్ళు, ఒకరికి వంగిన నడుము. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి శాస్త్రజ్ఞులు 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారంటే, జిల్లా పేరు ఎందువల్ల దేశాలు దాటిందో అర్థమవుతుంది. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ నీటి గోడు దేశానికి వినిపించాలని దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి ఇచ్చిన పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి, నల్లగొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. అదే సత్యనారాయణ గారు రాఘవాపురంలో తమ వంశపారంపర్య భూమిలో దాదాపు 70 ఎకరాలు అడవిగా వదిలేశారన్నది నాకు కాకతాళీయంగా తోచదు. దాహం తెలిసిన మనిషికే చెట్టు నీడలోని తేమ కనిపిస్తుందేమో.

మామయ్య ఇంటికి ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ కుళాయి ఉంది. అయినా వంటింట్లో ఇరవై లీటర్ల క్యాను కనిపించింది. ఎందుకని అడిగితే, "బోరు నీళ్ళు గూడ నలభై ఏండ్లు నమ్మే తాగినం అల్లుడా" అన్నారు. తరువాత అబ్బాయి వైపు తిరిగి, "మీరు తాగేటివి మా పక్క నుంచి పోయిన నీళ్ళే" అని నవ్వారు. 2004 నుంచి సాగర్ నీరు అక్కంపల్లి జలాశయం మీదుగా నగరానికి చేరుతోంది. మా అబ్బాయి బడి ప్రాజెక్టులో మొదటి వాక్యం అదే.

నాగార్జునసాగర్‌లో రాత్రి బస. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్టను ఎప్పుడు చూసినా బాగానే ఉంటుంది, దాని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. మేము దిగిన వసతి గృహంలో గది విశాలం, కిటికీలో నుంచి జలాశయం కనిపిస్తుంది, భోజనం ఫరవాలేదు. కాని వేడినీళ్ళు ఉదయం ఒక్క గంటే, స్నానాల గదిలో కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. అంత నీటి ఒడ్డున ఉంటూ తాగునీరు ప్లాస్టిక్ సీసాలలో తప్ప ఇవ్వకపోవడం మరీ వింత. నీరు ఎదురుగా కనిపించే చోట నీటి విలువ తెలియకపోవడం సహజమే కావచ్చు. మర్రిగూడలో అలా ఒక్క కుళాయి కారినా ఇల్లంతా లేచేది.

మరునాడు దేవరకొండ వైపు వెళ్ళేటప్పుడు పెద్దగట్టు, లంబాపూర్ ప్రసక్తి వచ్చింది. జలాశయానికి దగ్గరగా ఉన్న ఆ గుట్టలలో యురేనియం తవ్వాలన్న ప్రతిపాదనకు 2003లో ప్రజాభిప్రాయ సేకరణలోనే గట్టి వ్యతిరేకత ఎదురైంది. నీటిలోని విషం కంటికి కనిపించదన్న సంగతి ఈ జిల్లాకు ఎవరూ నేర్పవలసిన పని లేదు.

నల్లమల అడవి ముఖద్వారమైన మన్ననూరుకు వెళ్ళేవారు తెలుసుకోవలసినది ఒకటుంది: చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది, కాబట్టి పొద్దు ఉండగానే చేరాలి. అటవీ శాఖ కుటీరం చిన్నది, దుప్పట్లు శుభ్రం, ఫోను సిగ్నలు అంతంత మాత్రం. నా లెక్కలో ఈ ప్రయాణంలో ఇదే మంచి బస. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లు దాటి ఉంటుంది, సఫారీలో మేము చూసింది దుప్పులూ ఒక ఎలుగు అడుగుజాడా మాత్రమే. వాహనంలో మా వెంట వచ్చిన చెంచు యువకుడు తేనెపట్టు మొత్తం కోయరని, ఈగలకు కొంత వదులుతారని చెప్పాడు. అది పర్యావరణ పరిరక్షణ అన్న మాట అతని నోట రాలేదు, తన పెంటలో (చెంచుల గూడెంలో) అందరూ చేసే పనిగానే చెప్పాడు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వినిపించినప్పుడు పట్నంలో మేము సామాజిక మాధ్యమాలలో బొమ్మలు పంచుకున్నాము. ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అతనికి గుర్తున్నది అచ్చంపేటలో ధర్నాకు నడిచి వెళ్ళిన రోజు.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి వద్ద నాకు కొంచెం సిగ్గనిపించింది. ఏడు వందల ఏళ్ళ చెట్టుగా పేరున్న ఈ మర్రి మూడెకరాల మేర పరుచుకుని ఉంటుంది. బడి విహారయాత్రకు వచ్చినప్పుడు దీని ఊడలు పట్టుకుని ఊగినవాళ్ళలో నేనూ ఉన్నాను, కొమ్మ మీద కూర్చుని ఫొటో కూడా దిగాను. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపలి దాకా తిన్నాయి. సందర్శకులను ఆపేసి, మరుసటి ఏడు మందు కలిపిన ద్రవాన్ని రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలతో బొట్టు బొట్టుగా ఎక్కించారు, బరువైన కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. పాలమూరు వాళ్ళకు ఈ చెట్టంటే ప్రేమ లేక కాదు. అందరూ ప్రేమగానే ఎక్కారు, కూర్చున్నారు, పేర్లు చెక్కారు; చెంచుల తేనెపట్టుకు ఉన్న కట్టుబాటు దీనికి లేకపోయింది. మేము కంచె బయటి నుంచే చూశాము. తినుబండారాల దుకాణాలు ఎక్కువ, చెట్టుకు ఏ జబ్బు చేసిందో చెప్పే బోర్డు మాత్రం నాకు కనిపించలేదు. పక్కనున్న మ్యూజియం చూడదగినదే, గంట చాలు.

మళ్ళీ వెళితే సాగర్‌లో బస మానుకుని మన్ననూరులో రెండు రాత్రులు ఉంటాము, స్టీలు సీసాలు ఇంటి నుంచే తీసుకెళతాము. మామయ్య ఈసారి బోరు నీళ్ళ పరీక్ష కాగితాలు వెతికి పెడతానన్నారు.