గడ్డం కింద వెంట్రుకలకు సూదా, లేజరా? ముఖం పాడవకుండా ఏది మేలు?

"అక్కా, సూది పెట్టించుకుంటే ముఖమంతా గుంటలు పడతాయట కదా?"

సంక్రాంతి తర్వాత నేను గడ్డం కింద వెంట్రుకలకు ఎలక్ట్రాలసిస్, అంటే సూదితో తీసే పద్ధతి మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఈ మాట ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకునేటప్పుడు ఒకరు అడుగుతారు, పెళ్ళిలో పక్కకు పిలిచి ఇంకొకరు అడుగుతారు, రాత్రి పదింటికి ఫోన్ చేసి మరొకరు అడుగుతారు. అడిగే గొంతులో భయమేంటో నాకు తెలుసు. మొదటి సిట్టింగు అయిన మూడో రాత్రి నేనూ బాత్‌రూమ్ అద్దం ముందు ఫోన్ టార్చి పట్టుకుని అలాగే నిలబడ్డాను. అందుకే తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను. సూదీ, లేజరూ రెండూ వెంట్రుక మూలం మీద పనిచేసే పద్ధతులని, నాలుగైదు సిట్టింగులతో తేలే పని కాదని మీకు తెలిసే ఉంటుంది కాబట్టి అవన్నీ మళ్ళీ చెప్పను.

ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. లేజర్ రంగును వెతుక్కుంటుంది. సూదికి రంగుతో పనిలేదు.

వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కితే, ఆ వేడికి మూలం దెబ్బతింటుంది. తెల్ల వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి లేజర్‌కు దొరకదు. నూగులాంటి సన్నటి వెంట్రుకలోనూ సరిపడా ఉండదు. సూది సంగతి వేరు. వెంట్రుక మొలిచే రంధ్రంలోకి దారం కంటే సన్నటి సూదిని దించి కరెంటు పంపుతారు. గాల్వానిక్ పద్ధతిలో ఆ కరెంటు లోపలి ఉప్పునూ నీటినీ కాస్టిక్ సోడాగా మారుస్తుంది, అది మూలాన్ని తినేస్తుంది. థర్మాలసిస్‌లో వేడితోనే పని జరుగుతుంది. రెండూ కలిపితే బ్లెండ్. ఇది నిన్నమొన్న వచ్చిన పార్లరు ఫ్యాషన్ అనుకునేవాళ్ళున్నారు. అమెరికాలో సెయింట్ లూయిస్ కంటి డాక్టరు చార్లెస్ మిషెల్ 1875లోనే దీన్ని వాడారు, అదీ కంటిలోపలికి తిరిగి గుచ్చుకునే రెప్ప వెంట్రుకలకి. కనుపాప పక్కన చేసిన పని ఇది. ఆ ముక్క చదివాక నాకు సగం ధైర్యం వచ్చింది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఎలక్ట్రాలసిస్‌కే శాశ్వతంగా తొలగిస్తుందన్న మాట వాడుతుంది. లేజర్‌ను శాశ్వతంగా తగ్గించే పద్ధతి అంటుంది.

ఖర్చు, నొప్పి, టైము అందరూ పోల్చేవే. నా లెక్కలో తేల్చాల్సింది అవి కాదు, మచ్చ. మన చామనఛాయ చర్మం చిన్న గాయాన్ని కూడా మర్చిపోదు. దోమ కుట్టినచోట గోకితే నెలరోజులు నల్లగా ఉంటుంది, మొటిమ పోయినా దాని జాడ పండగ దాకా ఉంటుంది. అలాంటి ముఖం మీద గడ్డం కింద ముప్పై చోట్ల సూది దింపితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

నాకేమైందో చెప్తాను. సిట్టింగు అయిన గంటకి గడ్డం కందిపోయి కాస్త ఉబ్బింది. మర్నాటికి వాపు తగ్గింది. మూడో రోజు పొద్దున చూస్తే గసగసాలంత గోధుమరంగు పక్కులు తొమ్మిదో పదో కనిపించాయి. వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. అమ్మ చూసి "ఏం చేయించుకొచ్చావే ముఖానికి!" అని చేత్తో నోరు మూసుకుంది. ఆ రాత్రే టార్చి వేసుకుని ఒక పక్కును గోటితో లేపేశాను. మిగతావి వారం, పది రోజుల్లో వాటంతటవే రాలిపోయాయి, కింద లేత గులాబీ రంగు చర్మం వచ్చింది. గిల్లినచోట మాత్రం మిరియపు గింజంత నల్లమచ్చ నాలుగు నెలలు ఉంది. ఆ మచ్చ సూది పెట్టింది కాదు, నా గోరు పెట్టింది.

అందరూ మచ్చ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిపేస్తారు. మొదటిది ఎరుపు. వేలితో నొక్కి వదిలితే ఒక్క క్షణం పాలిపోయి మళ్ళీ ఎర్రబడుతుంది. అది గాయం మానుతున్నప్పుడు ఉండే రక్తప్రసరణే, తగ్గిపోతుంది. రెండోది రంగు. నొక్కినా పోని గోధుమ మచ్చ ఇదే. చర్మం నునుపుగానే ఉంటుంది, మెలనిన్ ఎక్కువ చేరిందంతే. ఎండ తగలనిస్తే ముదురుతుంది, కాపాడుకుంటే నెలల్లో వెలిసిపోతుంది. మూడోది గుంట, అంటే చర్మం లోపల నిజంగా తరుగు పడటం. భయపడాల్సింది దీనికే. లైటు ఎదురుగా కాకుండా పక్క నుంచి వేసి చూడండి. నీడ పడితే గుంట, పడకపోతే రంగు. అయితే మొదటి వారాల్లో చుట్టూ వాపు ఉన్నందువల్ల లేని గుంట కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. చర్మం లోపలి పొరలు సర్దుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పదిహేనో రోజున అద్దం చూసుకుని జీవితం అయిపోయిందని ఏడవకండి. నేను ఏడ్చాను.

అసలు గుంట ఎందుకు పడుతుంది? ఎక్కువ కరెంటు, ఎక్కువ సేపు, లేదా సూది సరిగ్గా దిగకపోవడం. సూది పైపైనే ఆగిపోతే మూలంలో పడాల్సిన వేడి చర్మం పైపొరలో పడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు వెంట్రుకలను ఒకే సిట్టింగులో తీస్తే రెండింటి వేడీ కలిసి మధ్య చర్మం కమిలిపోతుంది. కుర్చీలో కూర్చున్న మనం కూడా కొన్ని గమనించొచ్చు. కరెంటు పడ్డ వెంట్రుక పట్టకారుతో అందుకోగానే వెన్నలోంచి జారినట్టు రావాలి. లాగినట్టు చురుక్కుమందంటే మూలం ఇంకా చావలేదని అర్థం, అది ఊరికే ప్లక్ చేసినట్టే. రంధ్రం చుట్టూ చర్మం తెల్లగా పాలిపోతుంటే వేడి ఎక్కువైనట్టు, ఆపమని చెప్పండి. సూది మీ కళ్ళ ముందే సీలు విప్పిన కొత్తది కాకపోతే లేచి వచ్చేయండి. హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా కూడా అంటుకుంటాయి. మొదటిసారే ముఖమంతా అప్పజెప్పకుండా దవడ కింద కనపడనిచోట నాలుగైదు వెంట్రుకలు తీయించుకుని నెల ఆగి చూడండి. దీన్నే టెస్ట్ ప్యాచ్ అంటారు. నేను వెళ్ళిన మొదటి చోట టెస్ట్ ప్యాచ్ చేయమంటే "అవసరం లేదండీ, మా దగ్గర అందరికీ బాగానే ఉంది" అన్నారు. అక్కడ మళ్ళీ అడుగుపెట్టలేదు.

ఇక లేజర్. మంచి చేతిలో, సరైన మెషీన్‌తో అది మంచి పద్ధతే. గడ్డం, దవడలంతా మోటు నల్ల వెంట్రుకలు దట్టంగా ఉన్నవాళ్ళకి సూదితో ఒక్కొక్కటీ తీస్తూ కూర్చుంటే ఏళ్ళు పడుతుంది, లేజర్ నిమిషాల్లో మొత్తం కవర్ చేస్తుంది. కానీ దానికి వెంట్రుకలోని నలుపూ మన చర్మంలోని నలుపూ ఒకే జాతి. అందుకే మన రంగుకి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎన్‌డీ-యాగ్ లేజర్ క్షేమం అంటారు. ఆ కాంతి పైపొర మెలనిన్‌కి అంతగా అంటుకోకుండా లోతుకు పోతుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మానికి చక్కగా పనిచేస్తుంది కానీ మన చర్మం మీద జాగ్రత్త లేకుండా వాడితే పొక్కులు, కాలిన మచ్చలు పడొచ్చు. ప్యాకేజీ రేటు అడిగే ముందు మెషీన్ పేరు అడగండి. చెప్పడానికి తడబడితే డబ్బు కట్టకండి.

లేజర్‌లో ఇంకో గొడవ ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా పిన్ని కూతురు చెంపల మీద నూగుకి లేజర్ చేయించుకుంది. మూడు సిట్టింగుల తర్వాత నూగు పోకపోగా దవడ అంచున ముదురు వెంట్రుకలు మొలిచాయి. "అక్కా, లేనివి తెచ్చుకున్నాను" అని ఫోనులో ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు. మూలాన్ని చంపడానికి చాలని వేడి నిద్రపోతున్న మూలాల్ని లేపుతుందని డాక్టర్ల అభిప్రాయం. ముఖం, మెడ మీద, ముదురు ఛాయ ఉన్న మనలాంటి ఆడవాళ్ళలో, హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్ సమస్య ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. చర్మం మీద మచ్చ లేకపోయినా ఇదీ ముఖం పాడవడమే అంటాను నేను. ఆ పిల్ల ఇప్పుడు ఆ వెంట్రుకలు సూదితో తీయించుకుంటోంది.

రెండింటిలో ఏది చేయించుకున్నా, ఆ తర్వాత మన ఊరి ఎండ ఉంది. రోహిణి కార్తెలో విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర స్కూటీ మీద రెండు నిమిషాలు ఆగితే చాలు, మానుతున్న చర్మం నల్లబడటానికి. నేను మార్చి దాకా చేయించుకుని ఆపేశాను. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. హెల్మెట్ పట్టీ సరిగ్గా గడ్డం కిందే రాపిడి పెడుతుంది, పైగా చెమట. రెండో సిట్టింగు తర్వాత పట్టీ ఆనినచోటే ఎరుపు వారం రోజులు ఎక్కువ ఉంది. హెల్మెట్ మానేయమని కాదు, ఆ నాలుగు రోజులు ఆటోలోనో బస్సులోనో వెళ్ళండి. పక్కులు రాలేదాకా పసుపు, సున్నిపిండి, నిమ్మరసం ఏవీ వద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు, కానీ పచ్చిగాయం మీద రుద్దితే మచ్చ ముదురుతుంది. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా, చర్మం రంగు కలిసిన టింటెడ్ రకం దొరికితే మరీ మంచిది, ఎందుకంటే అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు నుంచి కూడా కాపాడుతుంది. మచ్చ పోవాలని మెడికల్ షాపులో అడిగి స్టీరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీము మాత్రం తెచ్చుకోకండి. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, వెంట్రుకలూ పెరుగుతాయి. ఏ వెంట్రుకల కోసం ఇదంతా పడుతున్నామో అవే.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. థ్రెడింగ్, వాక్సింగ్ మూడు వారాల ముచ్చట. ప్లక్కరుతో ఏళ్ళ తరబడి లాగితే వెంట్రుక మూలం వంకర తిరిగి రేపు సూదికి దొరకడం కష్టమవుతుంది. రేజరుతో గీస్తే వెంట్రుక ముదురుతుందన్నది నిజం కాదు, సిట్టింగుల మధ్య అదే అన్నిటికంటే నయం. బ్లీచ్ రంగు మారుస్తుందంతే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. నెలసరి సరిగ్గా రాకపోయినా, ఉన్నట్టుండి గడ్డం మీద మోటు వెంట్రుకలు పెరుగుతున్నా ముందు డాక్టర్లు ఎక్కువగా ఉండే సూర్యారావుపేటలో మీకు నమ్మకమున్న గైనిక్‌నో, హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టునో కలిసి హార్మోన్ పరీక్షలు చేయించుకోండి. లోపల కారణం అలాగే ఉంటే పాతవి పోయినా కొత్తవి మొలుస్తూనే ఉంటాయి, చర్మం మాత్రం సిట్టింగు మీద సిట్టింగు దెబ్బలు తింటుంది. దెబ్బ తగిలితే గడ్డకట్టినట్టు ఉబ్బే కీలాయిడ్ చర్మం ఉన్నవాళ్ళు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుకి చెప్పకుండా రెండింటిలో ఏదీ మొదలుపెట్టొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు సూది పద్ధతి జోలికే వెళ్ళకండి.

ఇక నా మాట. దవడ నిండా దట్టంగా నల్లగా ఉంటే ఎన్‌డీ-యాగ్‌తో పలచబరచి, మిగిలినవి సూదితో తీయించుకోండి. గడ్డం కింద అక్కడక్కడా ఇరవై, ముప్పై మోటువి ఉన్నా, తెల్లవి కలిసినా, చెంపల మీద నూగు భయపెడుతున్నా నేనైతే సూదికే వెళ్ళమంటాను. నూగు విషయంలో ముందు అసలు తీయాలా అని ఒకసారి ఆలోచించుకోండి. ఆ గుంటూరు చెల్లెలి చెంపలు నిజానికి బాగానే ఉండేవి.

మొన్న ఆదివారం పక్క నుంచి టార్చి వేసి అమ్మే చూసింది. గడ్డం కింద నీడ ఎక్కడా పడలేదు, నేను గిల్లినచోట కూడా రంగు వెలిసిపోయింది. ఇంకా మొలిచే ఆరేడు వెంట్రుకలకీ, పై పెదవి మీద నాలుగింటికీ కార్తీకంలో టైము తీసుకున్నాను.