కాలువ గట్టు మీది ప్రభల క్లాసు: చేతిపనికి నూరు మార్కులు, ఫోటోలకి అరవై

సంక్రాంతికి వారం ముందు ఆదివారం మా అబ్బాయిని వెంటబెట్టుకుని కోనసీమలో అంబాజీపేట దగ్గర జరిగే ఒకరోజు క్లాసుకి వెళ్లొచ్చాను. పిల్లలు ఎత్తుకోగలిగేంత చిన్న ప్రభ (పండక్కి దేవుణ్ణి ఊరేగించే వెదురు కట్టడం) కట్టడం, ధాన్యం కుచ్చు అల్లడం, చేసినవాటిని ఫోన్‌తో చక్కగా ఫోటో తీసుకోవడం, ఈ మూడూ నేర్పిస్తారు. పెద్దవాళ్లకి 500, పిల్లలకి 300. సామానంతా వాళ్లే ఇస్తారు, మధ్యాహ్నం భోజనం కూడా అందులోనే. బోర్డంటూ ఏమీ లేదు. పంట కాలువ గట్టు పక్కన పాత మండువా ఇల్లు, వాకిట్లో వెదురు బొంగులు గోడకి ఆనించి ఉంటాయి, అదే గుర్తు.

ముందే చెప్పేస్తున్నాను, చేతిపని నేర్పే తీరుకి నూటికి నూరు వేస్తాను, ఫోటోల భాగానికి మాత్రం అరవై. ఆ అరవై కూడా చెప్పింది బాగోక కాదు, చెప్పడానికి టైము చాలక.

అసలు ఎందుకు వెళ్లానంటే, పోయినేడాది పండక్కి ఆన్‌లైన్‌లో ఒక అలంకరణ కిట్ తెప్పించాను. బొమ్మలో చూస్తే ధగధగలాడిపోయింది. పెట్టె విప్పితే పుల్లలు సగం చీలిపోయి ఉన్నాయి, జిగురు ట్యూబు ఎండిపోయి ఉంది. వెనక్కి పంపుతామంటే గడువు దాటిపోయిందన్నారు. మా అబ్బాయి భోగి నాడంతా మొహం మాడ్చుకుని కూర్చున్నాడు, నాకు ఆ సంగతి ఏడాదంతా మనసులో ఉండిపోయింది. ఈసారి ఏదైనా సరే ఎదురుగా కూర్చుని వాడి చేత్తో వాడే చేసుకోవాలనుకున్నాను.

ప్రభ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం జరుగుతుంది. అక్కడ గుడీ ఉండదు, గోపురమూ ఉండదు, ఉన్నది కొబ్బరితోటే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు, అంటే ఆయా ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద ఆ తోటకి వస్తారు. వెదురుతో కట్టి, కొత్త బట్టలూ రంగు దారాలూ పూలూ చుట్టిన అంతంత ఎత్తు ప్రభల్ని మనుషులు భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే ఎగువ కౌశిక అనే కాలువలోకి దిగి, నీళ్లు దాటి మరీ రావాలి. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. అంత పెద్దవాటిని చూస్తూ పెరిగిన పిల్లలకి తమకీ ఒకటి కావాలనిపించడంలో వింతేముంది!

క్లాసు చెప్పేది ఇద్దరు. ఒకాయన పెద్దాయన, చిన్నప్పటి నుంచీ వాళ్ల ఊరి ప్రభ కట్టే వాళ్లలో ఒకరు, అందరం బాబాయి గారనే పిలిచాం. రెండో ఆవిడ ఆయన మనవరాలు, పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తుంది.

వెదురు బద్దల్ని ముందురోజు రాత్రే నీళ్లలో నానేసి ఉంచారు. నేను ఒక బద్ద తీసుకుని రెండు కొసలూ పట్టుకుని వంచాను, ఫెళ్లుమని మధ్యకి విరిగింది. బాబాయి గారు కోప్పడలేదు. ఇంకోటి తీసి నా చేతిలో పెట్టి, "అలా కాదమ్మా, బద్దని బెదిరించకూడదు, బతిమాలుకోవాలి" అన్నారు. రెండు బొటనవేళ్లూ లోపలివైపు ఆనించి, అంగుళం అంగుళం జరుపుకుంటూ, ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తూ ఒక నాలుగైదు సార్లు నొక్కితే అదే నెమ్మదిగా విల్లులా తిరిగింది. పచ్చటి పెచ్చు ఎప్పుడూ వంపుకి బయటివైపు ఉండాలట, గట్టి నార అంతా అక్కడే ఉంటుంది కాబట్టి లాగుడికి అదే తట్టుకుంటుందని చెప్పారు. తిప్పి పెట్టిన పక్కావిడ బద్ద చిట్లిపోయి చూపించింది కూడా.

అతికించడానికి కొన్న జిగురు కాదు, మైదా ఉడికించిన బంక. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు పాతదే కానీ, పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, అది విషం, అందుకని ఇక్కడ కలపరు. ఏ రోజు బంక ఆ రోజే. ఈ ఒక్క జాగ్రత్తకే నాకు వాళ్ల మీద గురి కుదిరింది.

ఇక ఈ క్లాసులో నాకు బాగా నచ్చిన సంగతి. మా వాడి ప్రభ సగమైంది, నా కంటికి బాగానే ఉంది, రంగు కాగితం అతికించేద్దామనుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చి ఆగమంది. నా ఫోన్ తీసుకుని కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, ప్రభకి ఎదురుగా, దాని సగం ఎత్తుకి ఫోన్ దించి నిటారుగా పట్టుకుని ఫోటో తీసింది. నిలువు గీత పక్కన చూస్తే ప్రభ పైకొస వేలెడంత ఎడమకి ఒరిగి ఉంది. మామూలుగా చూస్తే కన్ను సర్దుకుపోతుంది, ఫోటోలో ఆ గీత సర్దుకోదు. మా వాడు కుడివైపు కట్టు విప్పి, దారం మళ్లీ బిగించి, మళ్లీ ఫోటో తీసి, మూడోసారికి నిలబెట్టాడు. పెద్ద ప్రభ ఒక పక్కకి ఒరిగితే మోసేవాళ్ల భుజాలు పోతాయి, చిన్నదైనా అదే లెక్క అని బాబాయి గారు వాడి వీపు తట్టారు. ఫోటో అంటే అన్నీ అయ్యాక తీసేదే అనుకునేదాన్ని, పని మధ్యలో తప్పు పట్టుకోవడానికి కూడా పనికొస్తుందని ఇక్కడే తెలిసింది. ఇప్పుడు ముగ్గు వేసేటప్పుడు కూడా సగంలో ఒక ఫోటో తీసి చూసుకుంటున్నాను.

ధాన్యం కుచ్చు తొందరగానే అయిపోయింది. కోసిన వరి కంకుల్ని జడలా అల్లి చూరుకి వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి, మా అమ్మమ్మగారింట్లో ఉండేది. కంకులు మరీ ఎండిపోకుండా కాస్త మెత్తగా ఉన్నప్పుడే అల్లాలి, లేకపోతే గింజలు రాలిపోతాయి. అంతే.

ఫోటోలకి వద్దాం. మొదట అందరి ఫోటోలూ మసకగా వచ్చాయి, ఎందుకంటే పొద్దుటి నుంచీ బంక చేతులతో ఫోన్లు పట్టుకున్నాం. లెన్స్ మెత్తటి నూలు గుడ్డతో తుడవగానే సగం సమస్య పోయింది. తర్వాత వెలుతురు. మండువా ఇంట్లో నడిమధ్య పైన ఆకాశం కనబడుతుంది కదా, ఆ వెలుతురు మెత్తగా దిగుతుంది. ప్రభని సరిగ్గా దాని కింద పెట్టకుండా, చూరు లోపలికి రెండడుగులు జరిపి, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టించింది. అప్పుడు దారాల చుట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి. నీడ పడిన రెండో పక్క ఒక తెల్ల పంచె పరిచి పట్టుకుంటే ఆ నీడ కూడా తేలికైంది, పైసా ఖర్చు లేదు. ఫ్లాష్ అసలొద్దంది, మెరుపు కాగితం మీద ఫ్లాష్ పడితే తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనబడదు. ఎర్ర రంగు వేసిన గోడ పక్కన తీస్తే ఆ ఎరుపు తెల్ల కాగితం మీదికి కూడా వస్తుందని రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. స్క్రీన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత వెలుతురు కాస్త తగ్గిస్తే పసుపూ ఎరుపూ వెలిసిపోకుండా చిక్కగా వస్తాయి. జూమ్ చేయకుండా మనమే దగ్గరికి నడవాలి. వెనకాలని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ ధాన్యం కుచ్చుకి పనికిరాదు, సన్నటి కంకుల చివర్లని కూడా వెనకాలదే అనుకుని చెరిపేస్తుంది.

ఇంత మంచి విషయాలు చెప్పే మనిషికి ఇచ్చింది గంట. అదీ మూడున్నరకి, జనవరి ఎండ వాలిపోయి మండువాలో నీడలు పరుచుకున్నాక. పద్దెనిమిది మందిమి, ఒక్క అమ్మాయి, తలా నాలుగు నిమిషాలు కూడా రాలేదు, వెనక కూర్చున్న ఒక పెద్దావిడ సెట్టింగులే దొరక్క ఊరుకుంది. పదింటికో పదకొండింటికో ఈ భాగం పెట్టి, ఆనక అతికింపులు పెట్టుకుంటే ఎంత బాగుండేది. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయితోనే చెప్పాను, రాసుకుంది. ఇంకోటి, చేసిన ప్రభని ఇంటికి తీసుకెళ్లడానికి ఒక అట్టపెట్టె కూడా ఇవ్వరు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా ఒక పక్క కాగితం చిరిగింది. భోజనం మాత్రం కడుపు నిండా పెట్టారు, పనసపొట్టు కూర ఇంకా నోట్లోనే ఉంది.

కనుమ నాడు తోటకి వెళ్లినప్పుడు ఆ ఫోటోల అమ్మాయి చెప్పినవే పాటించాను. జనంలో నిలబడి తలల మీంచి తీయకుండా, ప్రభ వచ్చే దారిలో కాస్త ముందుకెళ్లి, గట్టు పక్కన కూర్చుని కింద నుంచి తీశాను. అశ్శరభ శరభ అని అరుస్తూ మోసుకొస్తుంటే ప్రభ ఊగుతూ ఉంటుంది, ఒక్కసారి నొక్కితే దొరకదు, బర్స్ట్‌లో వరసగా తీసి తర్వాత ఏరుకోవాలి. ముప్పైలో నాలుగు నిలిచాయి. ఒకదాంట్లో మోసేవాళ్ల ముందు మా వాడు తన చిన్న ప్రభని భుజాన పెట్టుకుని నడుస్తున్నాడు, రెండూ నిటారుగా ఉన్నాయి. అది ప్రింట్ తీయించి హాల్లో పెట్టాను.

వెళ్లాలనుకుంటే ధనుర్మాసం మొదట్లోనే ఆ ఇంటికెళ్లి పేరు చెప్పి రండి, పండగ దగ్గరపడ్డాక చోటు దొరకదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలైతే కత్తి పని ఉంటుంది కాబట్టి పక్కన పెద్దవాళ్లు కూర్చోవాల్సిందే. ఒక అట్టపెట్టె, లెన్స్ తుడుచుకోవడానికి పాత నూలు గుడ్డ వెంట ఉంచుకోండి. ఫోన్ ఇంట్లోనే పూర్తిగా ఛార్జ్ చేసుకోండి, ఆ ఇంట్లో ప్లగ్గులు రెండే.