పెళ్లిరోజున తొమ్మిది ప్లేట్లు, మూడున్నర గంటలు

ఈ ఏడాదితో మా పెళ్లయి పదేళ్లు. పార్టీ వద్దు, నగలు వద్దు, ఇద్దరమే తీరిగ్గా కూర్చుని తిందాం అనుకున్నాం. దాంతో మళ్లీ టేస్టింగ్ మెనూ వైపే వెళ్లాం. ఇందులో మనం ఆర్డర్ ఇచ్చేది ఏమీ ఉండదు. షెఫ్ తను అనుకున్న వరసలో చిన్న చిన్న ప్లేట్లు పంపిస్తుంటాడు, మనం తింటూ పోవడమే. ఇలాంటి భోజనం ఇంతకు ముందు రెండుసార్లు చేశాం. ఐదో పెళ్లిరోజుకి ఒక పెద్ద హోటల్లో, ఏడో పెళ్లిరోజుకి వంటగది ఎదురుగా పది కుర్చీలు మాత్రమే ఉన్న ఓ చిన్న చోట. ఈసారి కింద రెస్టారెంట్, పైన నాలుగు గదులు ఉన్న చోటు చూసుకుని, ఊరు దాటి వెళ్లాం.

"ఒక పూట తిండికి అంత దూరమా?" అని మా ఆడపడుచు నవ్వింది. నిజానికి ఈ పిచ్చి కొత్తదేం కాదు. టైర్లు చేసే మిషెలిన్ కంపెనీ కార్లున్నవాళ్ల కోసం 1900లో గైడు వేసింది. 1926లో మంచి వంటకి నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక నక్షత్రమైతే దారిలో ఆగి తినొచ్చు, రెండైతే దారి మళ్లించుకుని వెళ్లొచ్చు, మూడైతే దానికోసమే బయల్దేరొచ్చు అని వాళ్ల లెక్క. అయితే ఆ నక్షత్రాలు ప్లేటులో ఉన్నదానికే. వడ్డించినవాళ్ల తీరుకి, మనం ఎదురుచూసిన సమయానికి అందులో మార్కులు లేవు. పెళ్లిరోజు భోజనం బాగుండటమో పాడవటమో సగం అక్కడే ఉందని నాకు మూడోసారికి గానీ తెలిసిరాలేదు.

నేను శాకాహారిని, మా ఆయన అన్నీ తింటారు. బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పాను. "గుడ్డు, వెన్న, తేనె ఫర్వాలేదా? చీజ్‌లో వాడే రెనెట్ (దూడ పొట్టలోంచి తీసేది), స్వీట్లలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) కూడా మానేయాలా?" అని అవతలి అమ్మాయి ఎదురు ప్రశ్నలు వేసింది. నా సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లు వాడరని తనే చెప్పింది. అప్పుడే సగం టెన్షన్ పోయింది. ఎందుకంటే ఐదో పెళ్లిరోజున ఆ పెద్ద హోటల్లో ఆయనకి తెచ్చిందే నాకూ తెచ్చారు, మాంసం ముక్క తీసేసి. అది ఉండాల్సిన చోట ఖాళీ అలాగే కనిపిస్తోంది! ఇలాంటి చోట్ల సరుకు మనుషుల లెక్కన తెప్పిస్తారు, అప్పటికప్పుడు అడిగితే చేయగలిగేది తక్కువ. అడ్వాన్స్ కట్టించుకునేదీ అందుకే. మాకు 48 గంటల ముందు దాకా రద్దు చేసుకునే వీలుంది, ఆ తర్వాత అడ్వాన్స్ వెనక్కి రాదు.

గది సంగతి చెప్పాలంటే, చిన్నది. లిఫ్ట్ లేదు, సూట్‌కేసు ఆయనే మోశారు. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడు అర్ధరాత్రి దాకా కిటికీలోంచి వినిపించింది. పెద్ద హోటల్ గది దీనికి రెండింతలుండేది, నిద్ర కూడా అక్కడే బాగా పట్టింది. అయినా నా ఓటు దీనికే, కారణం వైన్ పెయిరింగ్. ఒక్కో ప్లేటుకి ఒక్కో వైన్ కొంచెం కొంచెమే పోస్తారు. పోసిన ప్రతిసారీ 75 మిల్లీలీటర్లే అనుకున్నా, తొమ్మిదిసార్లకి 675 మిల్లీలీటర్లు. అంటే ఒక్క మనిషి దాదాపు ఒక సీసా తాగినట్టే. తిన్నాక కారెక్కాల్సిన పని లేకుండా మెట్లెక్కితే చాలు. నేను మద్యం లేని పెయిరింగ్ తీసుకున్నాను. చల్లటి టీలు, పులియబెట్టిన పళ్లరసాలు, ఒకసారి పొగ వాసనతో ఆపిల్ రసం. నాలుగో గ్లాసు నుంచి ఆయన నా గ్లాసుల మీదే కన్నేశారు.

ముందు ఒక్క ముద్దలో అయిపోయేవి మూడు వచ్చాయి. వీటిని అమ్యూజ్ బూష్ అంటారు, తొమ్మిది ప్లేట్ల లెక్కలోకి రావు. తర్వాత వేడి బ్రెడ్డు, వెన్న. జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఐదో పెళ్లిరోజున ఆ బ్రెడ్డు రెండుసార్లు అడిగి మరీ తిని, ఆరో ప్లేటు దగ్గర ఆయాసపడ్డాను. ఈసారి ఒక్క ముక్కతో ఆపేశా. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఉప్పు ముద్దలో పెట్టి కాల్చిన బీట్‌రూట్. టేబుల్ దగ్గరికి తెచ్చి, గట్టిపడిన ఉప్పు పెంకును పగలగొట్టి, ముక్కలు కోసి పెట్టారు. బీట్‌రూట్‌కి అంత రుచి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాలుగు ముద్దల్లో అయిపోయింది. ఇంకొంచెం పెడితే బాగుండు అనిపించింది కానీ, ఒకే రుచి తింటూ పోతే నాలుక దాని మీద ఇష్టం కోల్పోతుంది. అందుకే ఆ నాలుగు ముద్దల లెక్క. స్పెయిన్‌లోని ఎల్ బుల్లి అనే రెస్టారెంట్ 2011లో మూతపడేదాకా ఒక్క పూటకి 30కి పైగా వంటకాలు పెట్టేదట. నా వల్ల కాదు బాబూ, తొమ్మిదికే చేతులెత్తేశాను.

ఐదో ప్లేటు తర్వాత బండి ఆగిపోయింది. పావుగంట, అరగంట, నలభై నిమిషాలు. ఎవరూ వచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఆయన టేబుల్ కింద ఫోన్ తీశారు. "ఏమండీ, ఇవాళన్నా దాన్ని లోపల పెట్టండి" అన్నాను. పెట్టారు. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ కాసేపు తోచలేదు, అదీ నిజం. మెల్లగా మా మొదటి అద్దె ఇల్లు, అందులో ఎప్పుడూ కారే కుళాయి గుర్తొచ్చి నవ్వుకున్నాం. ప్లేటు వచ్చేసరికి మాట మధ్యలో ఉన్నాం. అయినా ఆలస్యం ఆలస్యమే, ఒకరు వచ్చి చెప్పి ఉండాల్సింది.

ఆ నలభై నిమిషాలు పక్కన పెడితే వడ్డన చాలా బాగుంది. ఆయనది ఎడమ చేతి వాటం. రెండో ప్లేటు నుంచే ఫోర్కు, కత్తి వైపు మార్చి పెట్టారు, మేం అడగకుండానే. నేను చేతులు కడుక్కోవడానికి లేస్తే, తిరిగొచ్చి కూర్చునేదాకా తర్వాతి ప్లేటు బయటికి రాలేదు. వంట రుచి ఒక్కటే చూస్తే ఏడో పెళ్లిరోజున వెళ్లిన పది కుర్చీల చోటుదే పైచేయి. కానీ అక్కడ ప్రతి ప్లేటుకీ షెఫ్ ఉపన్యాసం, పక్క కుర్చీలో కొత్తవాళ్లు. పెళ్లిరోజు మాటలు అక్కడేం మాట్లాడతాం? స్నేహితులతో అయితే మళ్లీ వెళ్తాను.

పెళ్లిరోజని బుకింగ్‌లోనే చెప్పాం. పెద్ద హోటల్లో అలా చెబితే నలుగురు చుట్టూ చేరి చప్పట్లు కొట్టి పాడారు, నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇక్కడ చడీచప్పుడు లేకుండా చివరి స్వీటుతో ఒక కొవ్వొత్తి, ఆ రోజు తేదీ అచ్చువేసిన మెనూ కార్డు ఇచ్చారు. తినలేక వదిలేసిన చాక్లెట్లు డబ్బాలో పెట్టి గదికి పంపారు.

పొద్దున కాఫీ దగ్గర ఆ కార్డు ముందేసుకుని కూర్చున్నాం. ఏడో ప్లేటు ఏమిటో ఇద్దరికీ గుర్తు రాలేదు. చదివితే పుట్టగొడుగులని ఉంది, అయినా గుర్తు రాలేదు. "ఈసారి మధ్యాహ్నం మెనూ తీసుకుందాం, ఐదు ప్లేట్లే" అన్నారాయన. సరే అన్నాను. బీట్‌రూట్ ఉంటుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.