ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి లోయరింగ్ స్ప్రింగులు: వెనక బోల్టుల మీద నా కోపం

స్ప్రింగుల గురించి అందరూ రాసేదే మళ్లీ రాయను. నా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి, కారుని పాతిక మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగుల సెట్టు వేయించి చాలా కాలమైంది, వానాకాలాలు కూడా దాటాయి. ముందు వైపు ఏ గొడవా లేదు. నా కోపమంతా వెనక సస్పెన్షన్‌లో బుష్‌ల (ఆర్ములు ఆడే చోట ఉండే రబ్బరు ముక్కల) బోల్టులు బిగించిన తీరు మీదే.

వేసిన గ్యారేజీ పేరెందుకులెండి. కారుని లిఫ్టు మీద ఎత్తి, కింది ఆర్ములు (చక్రాన్ని కారు బాడీకి కలిపే కడ్డీలు) దించి, పాత స్ప్రింగులు తీసి కొత్తవి కూర్చోబెట్టి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఇంపాక్ట్ గన్‌తో బోల్టులన్నీ టకటకా బిగించేశారు. కిందికి దించాక చూస్తే ముందు భాగం చక్కగా కూర్చుంది, వెనక మాత్రం లేచే ఉంది. మెకానిక్‌ని అడిగితే "కొత్త స్ప్రింగు గదన్నా, నాలుగు దినాలు తిరిగితే అదే కూసుంటది" అన్నాడు. కొత్త స్ప్రింగు కాస్త దిగే మాట నిజమే కాబట్టి ఊరుకున్నా.

తర్వాత చప్పుడు మొదలైంది. హనుమకొండ నుంచి కరీంనగర్ పోతుంటే, గ్రానైట్ లారీలు తొక్కి తొక్కి గుంటలు పడ్డ చోటల్లా, నులక మంచం మీద ఎవరో పక్కకు తిరిగినట్టు వెనక నుంచి కిర్రుకిర్రుమనేది. షాకబ్జార్బర్లు పోయాయన్నారు ఒకరు. స్ప్రింగులే నకిలీవన్నారు ఇంకొకరు.

చివరికి కాజీపేటలో ఒక పెద్దాయన పట్టుకున్నాడు. ఈ కారుకి వెనక ఒక్కో చక్రానికి నాలుగు లింకులు, అంటే ఆర్ములు, వాటికి రబ్బరు బుష్‌లు. బుష్ మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు, ఆర్ము పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలి తిరగాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీద నిలబడ్డా రబ్బరు మెలికపడే ఉంటుంది. వెనక భాగాన్ని పైకి తోస్తూ, తోస్తూ, ఒకరోజు చీలుతుంది.

ఆయన కారుని పిట్ (కింద మనిషి దిగి పనిచేసే గుంట) మీదికి ఎక్కించి, బరువు చక్రాల మీద ఉండగానే ఒక్కో బోల్టూ వదులు చేశాడు. కింది ఆర్ము లోపలి బోల్టు వదలగానే టక్కుమంది, మడ్‌గార్డు అంచు కళ్లముందే దిగింది. ఒక బుష్ అప్పటికే చీలింది, మార్చాం. ఈ బోల్టులు టార్క్ పెట్టాక, అంటే చెప్పినంత బలంతో బిగించాక, ఇంకొంత తిప్పి సాగదీసే రకం, తీశాక మళ్లీ వాడకూడదు. అవీ కొత్తవే తెప్పించి, బరువు చక్రాల మీద ఉండగానే బిగించాం. ఆ రోజు నుంచి చప్పుడు లేదు.

పిట్ లేనిచోట ఇంకో దారి ఉంది. పాత స్ప్రింగులతో కారు నేల మీద ఉండగానే, హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ముందే కొలిచి పెట్టుకుని, అందులోంచి పాతిక తీసేసి, అంత దూరం వచ్చేదాకా ఆర్ముని జాకీతో ఎత్తి బిగించాలి. అలా ఎత్తేటప్పుడు కారు స్టాండ్ మీంచి లేచిపోవచ్చు, ఒకరు పక్కన నిలబడి చూస్తుండాలి. ఉత్త జాకీని నమ్మి కింద దూరొద్దు.

తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. కారు దిగితే వెనక చక్రాలు పై భాగంలో లోపలికి వాలి, టైరు లోపలి అంచు అరుగుతుంది. "వెనక సెట్టింగ్ ఉండదన్నా" అని పంపించేస్తారు చాలాచోట్ల. ఈ కారుకి ఉంటుంది, క్యాంబర్‌కీ (చక్రం లోపలికో బయటికో వాలడం) టోకీ (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరగడం) వేరువేరుగా. పట్టుబట్టి చేయించుకోండి.

మలుపుల్లో రోడ్డుకి అతుక్కుని పోతుందని మొదట్లో దోస్తులందరికీ చెప్పా. ఒక్కడినే ఉంటే ఇప్పటికీ అదే మాట. అమ్మానాన్న వెనక కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా ఉంటే మాత్రం, స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు బంప్‌స్టాప్‌కి (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోతే అడ్డుపడే రబ్బరు) తగిలి దబ్బుమంటుంది.

నేను తిరిగేది ఎక్కువగా హైదరాబాద్ హైవే మీదే, ఊరికి పోవడానికి ఇంట్లో వేరే కారుంది కాబట్టి ఉంచుకున్నా. రోజూ పరకాల, భూపాలపల్లి తిరిగేవాళ్లకి వేయించుకోమని చెప్పలేను. స్ప్రింగులు మార్చిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకైతే ముందే రాసిచ్చా. పాత స్ప్రింగులు మాత్రం అమ్మలేదు, రేపు కారు కొనేవాడు మొదట అడిగేది వాటినే.