సోనీ రోలిన్స్ 'ది బ్రిడ్జ్' ఎల్పీ: ఐదు నెలలు విన్నాక

అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ 'ది బ్రిడ్జ్' రికార్డు కొని ఐదు నెలలైంది. రీఇష్యూ కాపీ, అంటే పాత రికార్డును మళ్ళీ అచ్చువేసింది, 27 డాలర్లు. ఇంట్లో ఉన్న ఎల్పీలన్నిటికంటే ఎక్కువసార్లు టర్న్‌టేబుల్ ఎక్కింది ఇదే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన తెనాలిలో పెళ్ళి బ్యాండులో శాక్సోఫోన్ వాయించేవారు. ఇంట్లో సాధన చేస్తే పక్కవాటాలో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తోందని, సాయంత్రం కాలవగట్టుకు పోయేవారు. సైకిలు వెనక శాక్సోఫోన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నేను. అక్కడ పాటలేమీ ఉండేవి కావు. ఒక్క స్వరం పట్టుకుని ఊపిరి అయిపోయేదాకా నిలిపేవారు. మళ్ళీ ఊపిరి, మళ్ళీ అదే స్వరం. అరగంట అలాగే. "పాట వాయించు నాన్నా" అని నేను గోల చేస్తుంటే, రీడు (ఊదే చోట అమర్చే పల్చటి రెల్లుబద్ద) నాలిక మీద తడుపుకుంటూ "ఇది కుదిరితే పాట దానంతటదే వస్తుందిరా" అనేవారు.

రోలిన్స్ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ కాలవగట్టే కళ్ళముందుకు వచ్చింది.

1930లో న్యూయార్క్ హార్లెంలో పుట్టాడు. అమ్మానాన్నలది వర్జిన్ ఐలాండ్స్. ఇరవై ఏళ్ళు నిండేసరికే పెద్దపెద్దవాళ్ళ పక్కన వాయించాడు, దోపిడీ కేసులో జైలుకూ వెళ్ళాడు. హెరాయిన్ పట్టుకుంది. 1955లో కెంటకీలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో తనంతట తాను చేరి, వదిలించుకుని బయటికొచ్చాడు. షికాగోలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ మళ్ళీ వాయిద్యం పట్టి, ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్, డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్‌ల బృందంలో చేరాడు. 1956 జూన్ 22న 'శాక్సోఫోన్ కొలోసస్' రికార్డు చేశాడు. చాలామంది ఇప్పటికీ ఆయన రికార్డుల్లో మొదట చెప్పేది దాన్నే. సరిగ్గా నాలుగు రోజులకు క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో పోయాడు. బ్రౌన్‌కి అప్పటికి పాతికేళ్ళే.

1959కల్లా టెనర్ శాక్సోఫోన్ అంటే రోలిన్స్ పేరే ముందు చెప్పేవాళ్ళు. అప్పుడు కచేరీలు ఆపేశాడు. ముప్పై కూడా రాలేదు. జనం తనను పొగుడుతున్నంత గొప్పగా తన వాయింపు లేదని ఆయనకే అనిపించింది. అప్పుడు ఉంటున్నది మన్‌హాటన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, గ్రాండ్ స్ట్రీట్ మీద. పక్కింట్లో గర్భిణి. ఇంట్లో వాయిస్తే ఆమెకు ఇబ్బంది. ఒకరోజు నడుచుకుంటూ పోతుంటే విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మెట్లు కనిపించాయి, ఎక్కాడు. 1961 దాకా అదే ఆయన సాధన గది. చలికాలంలో కూడా. కొన్ని రోజులు పదిహేను గంటల దాకా.

నేను న్యూజెర్సీలో ఉంటాను కాబట్టి ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. ఎసెక్స్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి డెలాన్సీ స్ట్రీట్ వైపు నుంచి ఎక్కాలి. 1903 నాటి వంతెన. నడకదారి కార్ల కంటే ఎత్తులో ఉంటుంది. రైలు పోయినప్పుడల్లా కాళ్ళ కింద ఉక్కు అదురుతుంది. ఫోన్‌లో మా ఆవిడతో మాట్లాడబోతే నా మాటే నాకు వినిపించలేదు. ఆ హోరు మీద నుంచి, కింద పడవల కూతల మీద నుంచి తన స్వరం తనకు వినపడేలా రెండేళ్ళు ఊదిన మనిషి అని తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది.

ఆ తర్వాత వచ్చిన రికార్డే ఇది. 1962 జనవరి, ఫిబ్రవరిల్లో న్యూయార్క్‌లోనే, ఆర్‌సీఏ విక్టర్ రికార్డు కంపెనీ కోసం చేశారు. ఆరు ట్రాకులు. పియానో లేదు. బదులు జిమ్ హాల్ గిటారు. బాస్ బాబ్ క్రాన్‌షా, డ్రమ్స్ దాదాపు అంతా బెన్ రైలీ. పియానో ఉంటే పది వేళ్ళతో కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పరిచేస్తుంది, శాక్సోఫోన్ దాని మధ్య దారి వెతుక్కోవాలి. జిమ్ హాల్ రెండు మూడు స్వరాలు అందించి తప్పుకుంటాడు. మంచి మృదంగ విద్వాంసుడు పాట సాగుతుంటే ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసి ఆపినట్టు. ఆ ఖాళీలో రోలిన్స్ శాక్సోఫోన్ గొంతు పూర్తిగా విచ్చుకుంటుంది.

మొదటి ట్రాకు 'వితౌట్ ఎ సాంగ్'. హడావుడి లేదు, వరస నిదానంగా చెబుతాడు. రెండోది 'వేర్ ఆర్ యూ' ఇంకా నెమ్మది. ఇక్కడ వాల్యూమ్ పెంచి వినండి. స్వరం అంచున గాలి వినిపిస్తుంది, కానీ ఎక్కడా వణకదు. శాక్సోఫోన్‌లో గట్టిగా ఊదడం ఎవరైనా చేస్తారు. మెల్లగా ఊదుతూ స్వరం చెదరకుండా పట్టుకోవడమే కష్టం. పెదవి పట్టు కొంచెం తప్పినా రీడు కీచుమంటుంది. వంతెన మీద గడిపిన రోజులన్నీ నాకు ఈ నెమ్మదిపాటలోనే వినిపిస్తాయి.

రెండో వైపు మొదటిదే 'ది బ్రిడ్జ్'. పరుగు. గిటారూ శాక్సోఫోనూ ఒకదాని మాట ఒకటి అందుకుంటూ పోతాయి, మధ్యలో నడక మారుతుంది, మళ్ళీ పరుగు. క్రాన్‌షా ఎక్కడా తడబడడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు రోలిన్స్‌తోనే ఉన్నాడంటే ఉండడా మరి!

అప్పట్లో చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. రోలిన్స్ వంతెన మీద ఉన్నప్పుడే ఆర్నెట్ కోల్‌మన్ అనే ఇంకో శాక్సోఫోన్ విద్వాంసుడు న్యూయార్క్ వచ్చి జాజ్‌ని తలకిందులు చేశాడు, శాక్సోఫోన్‌లోనే మరో పెద్ద పేరు జాన్ కోల్‌ట్రేన్ ఇంకో దారి పట్టాడు. రెండేళ్ళు మాయమైన మనిషి ఏదో కొత్త వింత తెస్తాడని వాళ్ళు ఎదురుచూశారు. నేను వాళ్ళతో ఒప్పుకోను. ఆయన వెళ్ళింది కొత్తదనం కోసం కాదు, స్వరం కోసం. దాన్ని తెచ్చుకున్నాడు.

రోలిన్స్ వెతుకులాట అక్కడితో ఆగలేదు. 1960ల చివర మళ్ళీ కచేరీలు మానేసి, ముంబై పొవాయ్‌లోని ఒక ఆశ్రమంలో కొన్ని నెలలు యోగా, ధ్యానం నేర్చుకున్నాడు. 2012 దాకా వేదికల మీద వాయించి, పల్మనరీ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) వల్ల మానేయాల్సి వచ్చింది.

మా నాన్నకు పైపళ్ళు పోయాయి, మౌత్‌పీస్ పట్టు దొరక్క ఆయనా మానేశారు. ఒకరోజు వీడియో కాల్ చేసి, ఫోన్ స్పీకరు దగ్గర పెట్టి 'వేర్ ఆర్ యూ' వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక "ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో దొరకలేదురా, ఇంకోసారి పెట్టు" అన్నారు. మూడుసార్లు పెట్టించుకున్నారు.

కాపీ గురించి. నాకు మొదట వచ్చిన డిస్కు వంగి ఉంది, సూది పైకీ కిందకీ ఊగింది. అమ్మినవాళ్ళకు రాస్తే ఎనిమిది రోజుల తర్వాత వేరేది పంపారు. అది చదునుగానే ఉంది, కానీ రెండో వైపున్న 'గాడ్ బ్లెస్ ది చైల్డ్' నిశ్శబ్దాల్లో నాలుగైదు చిటపటలున్నాయి. కడిగాక రెండు పోయాయి. కొనేవాళ్ళు డిస్కు రాగానే రెండో వైపు కూడా చివరిదాకా వినండి. రిటర్న్ గడువు దాటాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.